చలికి ఫైటర్ చేప అడుగున పడి ఉంటోంది, చిన్న బౌల్‌లో ఎలా పెంచాలి?

చాయ్_బిస్కెట్ (నిజాంపేట, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మా బాబు పుట్టినరోజుకి వాళ్ల మామయ్య ఫైటర్ చేప తెచ్చిచ్చాడు. నీలం రంగు, తోక చివర ఎరుపు. గుండ్రటి గాజు బౌల్, రంగు రాళ్లు, ప్లాస్టిక్ మొక్క, చిన్న డబ్బాలో మేత, అన్నీ షాపు వాళ్లే ఇచ్చారట. బౌల్‌లో మూడు లీటర్లు పడతాయి.

మొదట్లో బాగానే తిరిగింది. చలి పెరిగినప్పటి నుంచి రాళ్ల మీద ఒక పక్కకి ఒరిగి పడుకుంటోంది. మధ్యమధ్యలో పైకొచ్చి ఒక గుటక వేసి మళ్లీ కిందికి జారిపోతోంది. రెక్కలు ఒంటికి అంటించుకుని ఉంటోంది. మేత నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తోంది. "ఫైటర్‌కి మోటార్ అక్కర్లేదు, గ్లాసులో పెట్టినా బతుకుతుంది, వారానికోసారి నీళ్లన్నీ మార్చేయండి" అని షాపులో చెప్పారట, అలాగే చేస్తున్నాం. మాది బోరు నీళ్లు. బాబు స్కూల్ నుంచి రాగానే బ్యాగు కూడా తీయకుండా దాని దగ్గరికే పోతున్నాడు. ఏం చేయమంటారు?

నత్తగుల్ల (విజయవాడ)

ముందు ఇవి చూసి చెప్పండి. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలున్నాయా? టార్చ్ లైట్ పక్క నుంచి వేస్తే బంగారు పొడి లాంటిది మెరుస్తోందా? పై నుంచి చూస్తే పొలుసులు లేచి నిలబడి ఉన్నాయా? తోక అంచులు నల్లగానో ఎర్రగానో మారి పీలికలవుతున్నాయా? ఈలోపు మందులేమీ పోయకండి. షాపులో ఇచ్చే పసుపు మందు, నీలం మందు ఏదైనా సరే, వద్దు.

చాయ్_బిస్కెట్

చుక్కలు లేవండి, మెరుపూ లేదు, పొలుసులు మామూలుగానే ఉన్నాయి. తోక అంచు ఒక చోట కొద్దిగా చిరిగినట్టుంది. బౌల్ హాల్లో ఫ్రిజ్ మీద ఉంది. పొద్దున్న చెయ్యి పెడితే నీళ్లు జిల్లుమంటున్నాయి.

నత్తగుల్ల

అయితే ఎక్కువ అనుమానం చలి మీదే. దాని వెనక నీళ్ల సమస్య.

ఫైటర్ ఉష్ణమండలం చేప. 24 నుంచి 28 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. డిసెంబర్, జనవరి నెలల్లో హైదరాబాద్‌లో పొద్దున్న 12, 13కి కూడా పడిపోతుంది. ఇల్లు అంత చల్లబడకపోయినా మూడు లీటర్ల నీళ్లు గది ఎంత ఉంటే అంతే ఉంటాయి, మధ్యాహ్నం ఒకలా, తెల్లారుజామున ఒకలా. చేప ఒంటికి సొంతంగా వేడి పుట్టించుకునే ఏర్పాటు లేదు. నీళ్లు చల్లబడితే అరుగుదల మందగిస్తుంది, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది, రెక్కలు ముడుచుకుని అడుగున పడుకుంటుంది. మీరు రాసినవన్నీ అవే లక్షణాలు.

ఈ రాత్రికి చేయాల్సింది: వెడల్పాటి టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి అందులో బౌల్‌ని నిలబెట్టండి. బౌల్‌లో వేడి నీళ్లు పోయొద్దు. టబ్బులో నీళ్లు చల్లారితే మళ్లీ మార్చండి. గంటకి ఒక డిగ్రీ పెరిగితే చాలు, తొందర వద్దు. బౌల్ మీద ఏదైనా పలక అడ్డం పెట్టి కొద్దిగా సందు వదలండి. రేపు పాతిక వాట్ల చిన్న హీటర్, గాజు థర్మామీటర్ కొనండి. ఫ్రిజ్ మీద నుంచి తీసేయండి, అక్కడ అదురు, పైగా వెనక నుంచి వేడి.

కొర్రమీను (కరీంనగర్)

నత్తగుల్ల గారు, భయపెట్టకండి పాపం. ఫైటర్ గాలి పీల్చే చేప. మా కొర్రమీను కూడా అంతే, ఎండాకాలం కుంటలో బురదలో కూడా బతుకుతుంది. ఫైటర్లు థాయ్‌లాండ్‌లో వరి పొలాల్లో, జానెడు నీళ్లలో పెరుగుతాయి. దానికి హీటర్లు, ఫిల్టర్లు, పెద్ద ట్యాంకులు అంటే సామాన్యుడు చేపే పెంచడు. నేను సీసాలో పెట్టుకున్నవి ఏళ్లు బతికాయి.

మంజీర_జల (సంగారెడ్డి)

కొర్రమీను అన్నా, గాలి పీలుస్తుందన్న మాట నిజమే. కొర్రమీను, ఫైటర్ రెండూ ఒకే క్రమానికి చెందిన చేపలు. మొప్పల పైన ముడతలు ముడతలుగా ఒక అర ఉంటుంది, పైకొచ్చి మింగిన గాలిలోంచి ఆక్సిజన్ అక్కడ రక్తంలోకి వెళ్తుంది. అందుకే ఆక్సిజన్ తక్కువున్న నీళ్లలో కూడా చావదు. కానీ ఆ అర అమ్మోనియాని ఆపలేదు కదా? చేప విసర్జించేది ప్రధానంగా మొప్పల గుండా అమ్మోనియా రూపంలోనే. తినగా మిగిలిన మేత కుళ్లినా అదే. మూడు లీటర్లలో అది ఎటు పోతుంది? మళ్లీ ఆ మొప్పల్నే కాలుస్తుంది. గాలి పీల్చడం వల్ల ఊపిరాడక చావదు, అంతవరకే. "చావట్లేదు కాబట్టి బాగుంది" అనుకునే అవకాశం వేరే చేపల కన్నా దీనికే ఎక్కువ, అందుకే ఇంతగా చెప్తున్నా.

వరి పొలం సంగతి: జానెడు లోతే, కానీ ఎకరాల వెడల్పు. కింద మట్టి, చుట్టూ మొక్కలు, మట్టిలో సూక్ష్మజీవులు, చేప వదిలిన వ్యర్థాన్ని అవి ఎప్పటికప్పుడు తినేస్తాయి. నీళ్లు వెచ్చగా ఉంటాయి. గాజు బౌల్‌లో ఇందులో ఒక్కటీ లేదు. కొర్రమీను బురదలో ఎండాకాలం గట్టెక్కుతుంది, వానలు పడగానే చెరువులోకి పోతుంది. బురదలోనే జన్మంతా ఉండమంటే ఉండదు.

కొర్రమీను

మట్టి, మొక్కల మాట ఒప్పుకుంటా. నా సీసాల్లో నాచు నిండా ఉండేది, నీళ్లు రోజూ మార్చేవాణ్ణి, అదొకటి. కానీ కొందరు అన్నట్టు ఇరవై లీటర్లు లేకపోతే పెంచనే కూడదంటే మాత్రం ఒప్పుకోను.

కొళత్తూరు_లోకల్ (చెన్నై)

మా ఇంటికి దగ్గర్లోనే కొళత్తూరు. రంగు చేపల పెంపకం, అమ్మకం అంటే ఇటువైపు ఆ పేరే చెప్తారు. అక్కడ పెంపకందారుల దగ్గర వరసగా చిన్న సీసాలు, సీసాకీ సీసాకీ మధ్య అట్టముక్క, ఒక మగ చేప ఇంకో మగ చేపని చూడకుండా. చూసినవాళ్లకి ఫైటర్ ఇల్లు అంటే ఇదే అనిపిస్తుంది. కానీ ఆ సీసాల్లో నీళ్లు ఎంత తరచుగా మారుస్తారో కొనేవాళ్లకి కనిపించదు. పిల్లల్ని పెంచేది పెద్ద సిమెంటు తొట్లలో. మగవి కొట్టుకునే వయసు వచ్చాకే సీసాకెక్కిస్తారు, అది కూడా అమ్మేదాకా. మనం ఇంటికి తెచ్చేది అమ్మకానికి పెట్టిన సీసా పద్ధతిని, పెంచిన పద్ధతిని కాదు.

ఇంకోటి, షాపులో ఆకర్షణీయంగా కనపడేవి దాదాపు అన్నీ మగవే, పూర్తిగా ఎదిగినవి. సగటున రెండు నుంచి నాలుగేళ్ల ఆయుష్షు, అందులో కొంత షాపుకి వచ్చేసరికే గడిచిపోయి ఉంటుంది. పిల్లలకి ముందే చెప్పి ఉంచడం మంచిది.

డాలస్_దివాకరం (డాలస్)

ఇక్కడ ఎక్కువమంది చెప్పే కనీసం ఐదు గ్యాలన్లు, అంటే సుమారు 19 లీటర్లు. కొర్రమీను గారన్నట్టు పది లీటర్లలో జాగ్రత్తగా పెంచేవాళ్లూ ఉన్నారు. తేడా అంతా మన ఓపికలో ఉంటుంది. నీళ్లు తక్కువైతే పని ఎక్కువ. మేత రెండు గింజలు ఎక్కువ పడినా, ఒకరోజు మర్చిపోయినా పెద్ద ట్యాంకు ఓర్చుకుంటుంది, చిన్నది ఓర్చుకోదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి చిన్న బౌల్ ఇవ్వడం అంటే కష్టమైనదే ముందు చేతిలో పెట్టడం.

చాయ్_బిస్కెట్

టబ్బులో పెట్టాక రాత్రి పదకొండింటికి కొంచెం తిరిగింది, రెక్క విప్పింది. హీటర్ రేపు తెస్తాను. మా అత్తయ్య కరెంటు బిల్లు గురించి అడుగుతున్నారు. ఇరవై లీటర్లంటే ఎంత ట్యాంకు? మాది అద్దె ఇల్లు, చోటు తక్కువ.

డాలస్_దివాకరం

పాతిక వాట్ల హీటర్ రోజుకి పన్నెండు గంటలు వెలిగినా 0.3 యూనిట్. నెలంతా కలిపితే తొమ్మిది యూనిట్లు. అది కూడా చలికాలం రెండు మూడు నెలలే. అత్తయ్యగారికి ఈ లెక్క చూపించండి.

16 అంగుళాల పొడవు, 8 వెడల్పు, 10 ఎత్తు ఉన్న గాజు ట్యాంకు 20 లీటర్ల పైచిలుకు పడుతుంది. మైక్రోవేవ్ పెట్టుకునేంత చోటు చాలు. ఎత్తు కన్నా పొడవు ముఖ్యం, గాలి కోసం మాటిమాటికీ పైకెక్కాలి కదా, పొడవాటి తోక ఉన్నవాటికి లోతు ఎక్కువైతే ఆయాసం. నీళ్లు నిండితే రాళ్లతో కలిపి పాతిక కిలోల దాకా వస్తుంది కాబట్టి బల్ల గట్టిదై ఉండాలి. నీళ్లు మార్చేటప్పుడు హీటర్ ప్లగ్ తప్పకుండా తీసేయండి. గాజు నీళ్ల బయటికొస్తే పగులుతుంది, తడి చేత్తో షాకు ప్రమాదం కూడా.

విశాఖ_తీరం (విశాఖపట్నం)

మా ఊళ్లో హీటర్ ఏ సంవత్సరమూ పెట్టలేదు, అవసరం రాలేదు. మాకు బాధంతా మే నెల. 32 దాటితే చేప నీరసపడుతుంది, నీళ్లలో ఆక్సిజనూ తగ్గుతుంది. మూత కాస్త తెరిచి నీటి పైన చిన్న ఫ్యాను గాలి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. కానీ ఆ తెరిచిన చోట దోమతెర గుడ్డ కట్టాలి. ఫైటర్ ఎగురుతుంది. పొద్దున్న లేచేసరికి నేల మీద ఎండిపోయి ఉన్న చేపని ఎవరూ చూడకూడదు. నీటికీ మూతకీ మధ్య ఒకటి రెండు అంగుళాలు ఖాళీ వదలడం కూడా మర్చిపోకండి, గాలి పీల్చేది అక్కడే.

మంజీర_జల

ఇప్పుడు నీళ్ల సంగతి, ఇది కొంచెం పొడవు, ఓపిగ్గా చదవండి.

నీళ్లలో పుట్టే అమ్మోనియాని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. అది కూడా విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, అది చాలా తక్కువ హాని. ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండదు, స్పాంజి, రాళ్లు, గాజు, మొక్కలు, ఎక్కడ అంటుకోడానికి చోటు దొరికితే అక్కడ పొర కడుతుంది. కొత్త ట్యాంకులో ఇది నిలదొక్కుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు వారానికోసారి నీళ్లన్నీ పారబోసి, రాళ్లు, బౌల్ తోమి కడిగితే అది పట్టిన కాసింత కూడా పోతుంది. ప్రతి వారం మళ్లీ మొదటికే. దానికితోడు చేపకి ఒక్కసారిగా వేరే వేడి, వేరే నీళ్లు.

కాబట్టి ఎయిర్ పంపుతో నడిచే చిన్న స్పాంజి ఫిల్టర్ పెట్టండి. బుడగలు సన్నగా వచ్చేలా వాల్వు తిప్పండి, ఫైటర్‌కి ప్రవాహం పడదు, ఆ పెద్ద తోకతో ఎదురీదలేదు. మీ కాలనీలో ఎవరి దగ్గరైనా ఆరోగ్యంగా నడుస్తున్న అక్వేరియం ఉంటే వాళ్ల స్పాంజిలో ఒక ముక్క అడిగి తెచ్చుకోండి, బ్యాక్టీరియా దాంతో పాటే వస్తుంది. స్పాంజి మురికి పడితే నల్లా కింద కడగొద్దు, తీసిన ట్యాంకు నీళ్లలోనే పిండండి.

చేప ఇప్పటికే ఉంది కాబట్టి మొదటి నెల రోజు విడిచి రోజు పాతిక శాతం నీళ్లు మార్చండి. తర్వాత వారానికోసారి పాతిక శాతం చాలు. సైఫన్ పైపుతో అడుగు మురికి లాగండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి, నైట్రేట్ లీటరుకి 20 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకుంటే హాయి. చుక్కల టెస్ట్ కిట్ ఒకటి కొనుక్కుంటే ఊహలతో పని లేదు.

బోరు నీళ్లంటున్నారు. నిజాంపేట వైపు చాలా బోర్లు గట్టి నీళ్లు, బకెట్ల మీద తెల్లచార కట్టేవి. అలాంటి నీళ్ల పీహెచ్ (నీళ్ల పులుపు, క్షార గుణం చెప్పే అంకె, 7 అంటే మధ్యస్థం) తరచుగా 7.5 పైనే ఉంటుంది. ఇక్కడే మర్మం ఉంది: అదే మొత్తం అమ్మోనియా ఉన్నా, పీహెచ్ 7 నుంచి 8కి వెళ్తే అందులో విషంగా పనిచేసే వాటా సుమారు పది రెట్లు అవుతుంది. అందుకే ఒకే పద్ధతి పాటించినా ఒకరింట్లో చేప బతుకుతుంది, ఇంకొకరింట్లో పోతుంది.

విశాఖ_తీరం

మరి ఆర్‌ఓ నీళ్లు పోస్తే? మా బావ అవే పోస్తాడు.

మంజీర_జల

ఒట్టి ఆర్‌ఓ వద్దు. అందులో ఖనిజాలు దాదాపు ఉండవు, పీహెచ్ నిలకడగా ఉండదు, ఒక్క వారంలో పడిపోవచ్చు. బోరు నీళ్లు మరీ గట్టివైతే సగం బోరు, సగం ఆర్‌ఓ కలపండి, ప్రతిసారీ అదే పాళ్లలో. ఫైటర్లు కొంచెం ఎక్కువ పీహెచ్‌కి కూడా అలవాటుపడతాయి, వాటికి పడనిది రోజుకో రకం మారడం. మున్సిపాలిటీ నల్లా నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది. బకెట్లో పట్టి ఒకరోజు మూత లేకుండా ఉంచినా పోతుంది, లేదంటే షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు, డబ్బా మీద రాసిన కొలతకి మించకుండా.

నత్తగుల్ల

నా ఓటు కూడా సగం సగానికే. ఇక బాదం ఆకు గురించి ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు!

మన ఊళ్లలో, స్కూళ్లలో, కాలనీ పార్కుల్లో ఉండే బాదం చెట్టు, పిల్లలు కాయలు రాయితో కొట్టి పప్పు తింటారే, ఆ చెట్టే. దాని ఎండుటాకుల్ని థాయ్‌లాండ్‌లో ఫైటర్ పెంచేవాళ్లు వాడతారు, ఆన్‌లైన్‌లో ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నారు. మనకి కొనే పనిలేదు. దానంతట అది రాలి, ఎర్రగా మారి, పెళుసుగా ఎండిన ఆకు ఏరండి. పచ్చిది కోయొద్దు. రోడ్డు పక్క పొగ పట్టినవి, పురుగుమందు కొట్టిన తోటలోవి వద్దు. బాగా కడిగి, ఒకసారి వేణ్ణీళ్లలో ముంచి తీసి, ఇరవై లీటర్లకి అరచేయంత ముక్క వేయండి. రెండు రోజుల్లో నీళ్లు పల్చటి టీ డికాక్షన్ రంగులోకి వస్తాయి. ఆ రంగు చూసి పారబోయకండి. ఆకులోని టానిన్లు పీహెచ్‌ని కాస్త దించుతాయి (మరీ గట్టి నీళ్లలో ఆ తేడా పెద్దగా తెలియదు), బూజునీ కొన్ని బ్యాక్టీరియాలనీ అణిచి ఉంచుతాయి. చేప ఆ ఆకు కిందే పడుకుంటుంది, మగదైతే దాని అంచున నురగ గూడు కడుతుంది. ఆకు ఈనెలు మిగిలేదాకా ఉంచి తర్వాత మార్చండి. అది మందు కాదు, మంచి వాతావరణం, అంతే.

తోక చిరిగింది అన్నారు కదా. ప్లాస్టిక్ మొక్క తీసేయండి, ఆ ఆకుల అంచులు బ్లేడులా ఉంటాయి. పాత మేజోడు గుడ్డని దాని మీద రాసి చూడండి, దారం పట్టుకుంటే తోకనీ పట్టుకుంటుంది. బదులుగా అనుబియాస్ గానీ జావా ఫెర్న్ గానీ రాయికి దారంతో కట్టి పెట్టండి, మట్టి అక్కర్లేదు, ఎండ అక్కర్లేదు. వెచ్చదనం, శుభ్రమైన నీళ్లు ఉంటే అంచు తెల్లటి పారదర్శక పొరతో తిరిగి పెరుగుతుంది. నల్లగా మారి లోపలికి తింటూ పోతుంటే అప్పుడు నాలుగు లీటర్లకి ఒక టీ చెంచా రాళ్ల ఉప్పు (మీ వైపు దొడ్డుప్పు) విడిగా కరిగించి కొద్దికొద్దిగా కలపండి. వారం పది రోజులకి మించి ఉంచొద్దు.

చాయ్_బిస్కెట్

బాదం చెట్టు మా బాబు స్కూల్లోనే ఉంది! మేత ఎంత వేయాలి? మా అత్తయ్య గుడి కోనేట్లో చేపలకు వేసినట్టు మరమరాలు వేస్తున్నారు. దేవుడి గది కూడా హాల్లోనే, ట్యాంకు అక్కడ పెట్టొచ్చా?

కొళత్తూరు_లోకల్

మరమరాలు ఆపేయమనండి అక్కా, గౌరవంగానే. ఫైటర్ పురుగుల్ని తినే చేప. నోరు పైకి తిరిగి ఉంటుంది చూడండి, నీటి మీద పడ్డ పురుగుని, దోమ పిల్లల్ని పట్టుకోడానికి. ఫైటర్ గింజలు పొద్దున్న మూడు, సాయంత్రం మూడు. వారంలో ఒకరోజు పస్తు. అప్పుడప్పుడు ఎండబెట్టిన బ్లడ్‌వార్మ్స్ నీళ్లలో నానబెట్టి ఒకటి రెండు. ఉమ్మేస్తోంది అంటే గింజ పెద్దదై ఉండొచ్చు, సగానికి నలిపి చూడండి, కానీ ముందు నీళ్లు వెచ్చబడాలి. తినంది ఏదైనా పది నిమిషాల్లో తీసేయండి. పొట్ట ఉబ్బితే రెండు రోజులు మేత ఆపండి, చాలావరకు అదే సర్దుకుంటుంది.

విశాఖ_తీరం

దేవుడి గది దగ్గర వద్దండి. ఇది ఎవరూ చెప్పరు కాబట్టి నేను గట్టిగా చెప్తున్నా. మిగతా చేపలు నీళ్లలోని ఆక్సిజన్ మీదే ఆధారపడతాయి, ఇది మీ హాల్లో గాలినే పీలుస్తుంది. అగరుబత్తి, సాంబ్రాణి పొగ, దోమల మందు మిషన్, బొద్దింకల స్ప్రే, అన్నీ నీటి మీద పడతాయి, దాని గుటకలోకీ వెళ్తాయి. దోమల మందుల్లో వాడే పైరెథ్రాయిడ్ రకాలు మనుషులకి తక్కువ హాని చేసినా చేపలకి విషం. స్ప్రే కొట్టాల్సి వస్తే ట్యాంకుని తడిగుడ్డతో కప్పి, ఎయిర్ పంపు ఆపి, గదిలో గాలి పూర్తిగా మారాక మళ్లీ పెట్టండి. ఆ పంపు గది గాలినే కదా లోపలికి తోసేది. వంటగది పక్కన పోపు పొగకి నీటి మీద నూనె పొర కడుతుంది, అది కూడా పనికిరాదు. టిష్యూ కాగితం నీటి మీద పరిచి ఎత్తితే ఆ పొర వచ్చేస్తుంది.

కొర్రమీను

ఈ పొగ సంగతి నాకు నచ్చింది, సరైన మాట. నా సీసాలు వరండాలో ఉండేవి, బహుశా అది కూడా కలిసొచ్చింది.

చాయ్ గారు, తోడుగా ఇంకో చేప తెస్తానని మీ బాబు అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు. ఇంకో మగ ఫైటర్ వద్దే వద్దు, ఒకటి చచ్చేదాకా కొట్టుకుంటాయి. ఆడది కూడా జత కలిపే సమయంలో తప్ప పక్కన పెట్టకూడదు. గప్పీ తోక చూసి ఇంకో ఫైటర్ అనుకుని కొరుకుతుంది. గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ల చేప, మురికీ ఎక్కువ. ఇరవై లీటర్లలో దానికి ఒంటరితనమే సుఖం. కావాలంటే ఒక నత్త. ఇక్కడ అందరితో ఏకీభవిస్తున్నా.

చాయ్_బిస్కెట్

ట్యాంకు, హీటర్, స్పాంజి ఫిల్టర్ వచ్చాయి. 26 దగ్గర పెట్టాను. బౌల్ నుంచి ఎలా మార్చాలి? ఇంకో సంగతి, సంక్రాంతికి వారం రోజులు భీమవరం వెళ్తున్నాం. పక్కింటివాళ్లకి మేత ఇచ్చి వెళ్లనా? ఊరు తీసుకెళ్లనా?

నత్తగుల్ల

మార్చేటప్పుడు చేపని బౌల్ నీళ్లతోనే ఒక కవర్లోకి తీసుకుని, ఆ కవర్‌ని ట్యాంకు నీటి మీద అరగంట తేలనివ్వండి. తర్వాత పది నిమిషాలకోసారి చిన్న గ్లాసుడు ట్యాంకు నీళ్లు కవర్లో పోయండి, ఓ గంట సేపు. చివర్లో చేపని మాత్రమే వదిలి పాత నీళ్లు పారబోయండి. ఆ రోజు లైటు వేయొద్దు, మేత వద్దు.

సంక్రాంతికి ఊరు తీసుకెళ్లకండి, ఆ చలిలో బస్సు కుదుపులు దానికి నరకం. ఎదిగిన ఫైటర్, ఆరోగ్యంగా ఉంటే, వారం పస్తుని తట్టుకుంటుంది. పక్కింటివాళ్లు ప్రేమతో డబ్బా సగం గుమ్మరిస్తేనే ప్రమాదం. అయినా మీది ఇప్పుడిప్పుడే కోలుకుంటోంది, ట్యాంకు కూడా కొత్తది, కాబట్టి మందుల డబ్బా లాంటి గళ్ల డబ్బాలో రోజు విడిచి రోజు మూడేసి గింజలు పెట్టి, అంతకుమించి వద్దని చెప్పి తాళం ఇవ్వండి. షాపులో అమ్మే తెల్లటి సెలవు మేత బిళ్లలు వేయొద్దు, కరిగి నీళ్లు పాడుచేస్తాయి. వెళ్లే ముందు రోజు మూడో వంతు నీళ్లు మార్చండి. హీటర్, పంపు ప్లగ్గులు ఊడకుండా చూసి, వాటి స్విచ్చుల మీద ఒక టేపు అంటించండి, ఊరెళ్లేటప్పుడు అన్ని స్విచ్చులూ ఆపేసే అలవాటు మన ఇళ్లలో ఉంటుంది కదా, తేడా తెలియాలి. వెళ్లే ముందు టెస్ట్ కిట్‌లో అమ్మోనియా ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి, దాన్ని బట్టి ఇంకేమైనా కావాలేమో చూద్దాం.